కెప్టెన్‌ను బతికించడానికి వెళ్తున్నాను

ఏమండీ, కూర పొయ్యి మీద ఉంది, వేడి చేసుకోండి. అత్తయ్యను తినమని బతిమాలకండి, ఉపవాస ప్రార్థనలో ఉన్నారు.

నా యుద్ధకాలపు నవలలో చివరి అధ్యాయం నిన్న అత్తయ్య చదివేశారు. నర్సు ప్రేమించిన కెప్టెన్ చనిపోయాడని, తుపాకీ నేనే పేల్చినట్టు చూస్తున్నారు. ఇవాళ చర్చిలో లేచి నిలబడి, "మాకు కావలసిన కుర్రాడండీ, తూటా తగిలి ప్రాణాల మీదికొచ్చింది, ప్రార్థన చేయండి" అన్నారు. సంఘమంతా మోకరించింది. ఇంటికొచ్చాక "అతను చచ్చిపోయాడు కదా అత్తయ్యా" అంటే, "పుస్తకం ఇంకా అచ్చు కాలేదు కదా" అన్నారు. పాస్టరమ్మగారు అప్పుడే దుప్పటి పట్టుకొచ్చి, ఏ ఆసుపత్రి అని అడిగారు.

మన పెళ్లికి ససేమిరా అన్న మనిషి, నర్సుకూ కెప్టెన్‌కూ కాగితం మీద జరగాల్సిన పెళ్లి కోసం పస్తులుంటున్నారు. నాకు ఒళ్లు మండింది. అయినా ప్రెస్సుకు వెళ్తున్నాను. అచ్చు మొదలయ్యేలోగా ఆ అధ్యాయం వెనక్కి తీసుకుని కెప్టెన్‌ను బతికిస్తాను.

ఇంకో మాట. చెప్పులు వేసుకున్నదాన్ని ఇది రాయడానికే మళ్లీ లోపలికొచ్చాను. గుమ్మంలో అత్తయ్య నా తల నిమిరి, "అమ్మాయీ, వాడి కాలు మాత్రం తీసేయకు" అన్నారు. పెళ్లయ్యాక నన్ను అమ్మాయీ అనడం ఇదే మొదలు. రెండు కాళ్లూ ఉంచేస్తాను.