నాన్న ఇచ్చిన మడతచాకు

సోమవారం, సెప్టెంబరు 1948

ఇళ్లలో ఆయుధాలుంటే, నిజాం లొంగిపోయాక వచ్చిన యూనియన్ మిలిటరీకి అప్పగించాలని మెదక్ అంతా దండోరా వేశారు. నాకు పదేళ్లప్పుడు నాన్న ఇచ్చిన మడతచాకును బావిలో పడెయ్యమని మా ఆయన రెండు రోజులు బతిమాలారు. నేనే వినలేదు. నా చేతికొచ్చిన మొదటి చాకు అది. మామిడికాయ కోసినా, పిల్లకు పెన్సిల్ చెక్కినా దానితోనే.

పొద్దున ఆయన నాకు చెప్పకుండా దాన్ని అప్పగించడానికి వెళ్లారు. ఇంకా రాలేదు.

సాయంత్రం పక్కింటి బాలయ్య కాక వచ్చి చెప్పాడు. "మిలిటరోళ్లు మీ ఆయనను ఆపిండ్రు బిడ్డా. చాకు ఎవలిదని అడుగుతుండ్రు. నాదే అంటుండు. నీ పేరు చెప్తలేడు."

"గింత చాకుకేనా కాకా?"

"గీ రోజుల్ల గింతది సుత ఎక్కువే."

తెల్లారగానే నేనే వెళ్లి, అది నాదని చెబుతాను. ఆడదానికి చాకెందుకని తెలుగు రాని ఆ సిపాయిలు అడిగితే, నాకొచ్చిన నాలుగు ఉర్దూ ముక్కలతో నాన్న సంగతి ఎట్లా చెప్పను?