తోపుడు మిషన్ మీద కంప్లైంట్

ఫార్మింగ్టన్ హిల్స్,
జూన్ 3

డియర్ రఘువీర్ గారూ, నమస్తే.

మన కాలనీ అసోసియేషన్ సెక్రటరీగా ఇది రాయక తప్పడం లేదు. మీ లాన్ కోయడానికి ఒక పెద్దావిడను పనికి పెట్టుకున్నారని కంప్లైంట్ వచ్చింది. ఆవిడ వారానికి రెండుసార్లు ఇంజన్ కూడా లేని మోవర్‌ని ఎండలో తోస్తున్నారట. ఇన్సూరెన్స్ లేని మనుషులతో పని చేయించడం రూల్స్‌కి విరుద్ధం. ఆవిడను వెంటనే మాన్పించండి.

ఇట్లు,
లక్ష్మీపతి

తా.క. తెలుగువాళ్ళం, పైగా ఎదురెదురు ఇళ్ళవాళ్ళం కాబట్టి ఇంగ్లీషు నోటీసు పంపకుండా తెలుగులో రాస్తున్నాను.

జూన్ 5

సెక్రటరీ లక్ష్మీపతి గారికి నాగమల్లేశ్వరి రాయునది. ఇక్కడ నేనూ గడ్డీ క్షేమం.

మా అల్లుడికి మీరు రాసిన ఉత్తరం నేనే విప్పాను. అందులోని పెద్దావిడను కూడా నేనే. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. నన్ను మాన్పించడం విద్యాశాఖ వల్లే కాలేదు, మీరూ ప్రయత్నించండి.

ఈ ఇంట్లో అంట్లు ఒక మిషన్ తోముతుంది. బట్టలు ఇంకోటి ఉతుకుతుంది. నేల ఊడవడానికి పళ్ళెంలాంటిదొకటి గదులన్నీ తిరుగుతూ నా కాళ్ళకి అడ్డం పడుతుంది. నా చేతికి మిగిలిన పని ఈ గడ్డి ఒక్కటే. గరాజ్‌లో పాత ఇంటివాళ్ళు వదిలేసిన తోపుడు మిషన్‌ని తుడిచి నూనె వేసుకున్నాను. తోస్తే బ్లేడ్లు తిరుగుతాయి, ఆగితే ఆగుతాయి. ఇంత వినయం ఈ ఇంట్లో ఇంకెవరి దగ్గరా చూడలేదు.

గడ్డిని పదకొండు చోట్ల స్కేలు పెట్టి కొలిచాను. పదిచోట్ల రెండున్నర అంగుళాలు. ఒక చార మాత్రం నాలుగుంది. అది అల్లుడు తోసినది.

ఇట్లు,
పనిమనిషి

తా.క. నాకు ఇన్సూరెన్స్ ఉంది. శనివారం ఉదయం వీధిలో ఇంజన్ మోవర్లు చేసే మోతకి నా చెవులకే లేదు.

జూన్ 8

నాగమల్లేశ్వరి ఆంటీ గారికి, నమస్కారాలు.

సారీ అండీ. మీరు పనిమనిషి కాదని తెలిశాక విషయం ఇంకా సీరియస్ అయింది. చూడడానికి వచ్చిన అత్తగారితో ఇంత చాకిరీ చేయిస్తుంటే కమిటీ ఊరుకోదు. మీరు భయపడి అల్లుణ్ణి వెనకేసుకొస్తున్నారని మాకు అర్థమైంది. శనివారం ఎనిమిదింటికి ఇంజన్ మోవర్‌తో మనిషిని పంపుతున్నాం. ఇకనుంచి ప్రతివారం అతనే కోస్తాడు. తోపుడు మిషన్ అతనికి ఇచ్చేయండి, పారేస్తాడు. మీరు హాయిగా రెస్ట్ తీసుకోండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి లక్ష్మీపతి

తా.క. ఈ ఉత్తరం మీ అల్లుడి కంటపడకుండా చించేయండి.

జూన్ 13, శనివారం

చిరంజీవి లక్ష్మీపతికి,

నీ ఉత్తరం అల్లుడికి పైకి చదివి వినిపించాను. అప్పటినుంచి నేను లేచి నిలబడితే చాలు, "అత్తయ్యా, కూర్చోండి ప్లీజ్" అంటున్నాడు. నువ్వు చేసిన మేలు ఇంతా అంతా కాదు.

ఈ ఉదయం నీ మనిషి వచ్చాడు. అతనికంటే పది నిమిషాల ముందే కంప్లైంట్ ఇచ్చినావిడ వచ్చారు. నైటీ మీద స్వెట్టర్, కాళ్ళకి నీ బూట్లు. పేరు దమయంతి. నీకు తల్లిగారట. నువ్వింకా నిద్ర లేవలేదట.

"ఒక్కసారి ఆ బండి ఇస్తారా?" అన్నారు. ఇచ్చాను. మొదటి వరుస వంకర పోయింది. రెండోది అల్లుడికంటే నయం. మూడోది నేను తోసినట్టే ఉంది. నీ మనిషి చేతులు కట్టుకుని నిలబడి చూశాడు.

రోజూ ఎదురింటి కిటికీలోంచి నన్ను చూసేది ఆవిడే కాబట్టి, నా మీద కంప్లైంట్ ఎందుకిచ్చారని అడిగాను.

"కంప్లైంటా? మావాడు నన్ను చెత్తబుట్ట కూడా ముట్టుకోనివ్వడండీ. పొద్దస్తమానం ఆ కిటికీ దగ్గరే. ఎదురింటావిడకి వాళ్ళవాళ్ళు పని ఇచ్చారు చూడరా, ఎండలో ఎంత చక్కగా తోసుకుంటోందో అన్నాను. అంతే."

నీకు వినబడింది 'ఎండలో' అన్న మాట ఒక్కటే అన్నమాట.

తర్వాత మీ లాన్ కొలిచాను. నాలుగున్నర అంగుళాలు. అంత పొడుగు గడ్డిని తోపుడు మిషన్ కోయలేదు, పడుకోబెట్టి పోతుంది. అందుకని నీ మనిషిని మీ లాన్‌కే పంపాను. నిన్ను నిద్రలేపిన మోత అదే. ఇక ఆ లాన్ దమయంతిగారిది. మంగళ, శుక్రవారాలు మిషన్ మీ ఇంట్లో ఉంటుంది. నువ్వు దాని జోలికి వెళ్ళకు.

ఇట్లు,
నాగమల్లేశ్వరి

తా.క. మీ అమ్మగారి అరచేతిలో బొబ్బ లేచింది. మందు రాయబోతే వద్దన్నారు. ముందు నీకు చూపించాలట.