ఆరో నెల బిళ్ళలు

హఫీజ్‌పేట్,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు,

నీ లీదియా వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ నాన్నా కులాసాగా ఉన్నాం. మస్కట్‌లో నువ్వూ, నీ వార్డులో రోగులూ అలాగే ఉండాలని మా ప్రార్థన. ఉత్తరం మస్కట్ వస్తున్న వాసంతి ఆంటీ చేతికిస్తున్నాను. ఉసిరికాయ పచ్చడి కూడా అదే సంచిలో ఉంది. కాగితానికి నూనె అంటితే నన్ననకు, సీసా మూత నాన్న బిగించారు.

నాన్నకు షుగర్ ఎలా ఉందని అడిగావు. అదుపులోనే ఉంది. చర్చి బయట జిలేబీ సంగతి నాకు తెలియదనుకుంటున్నారు పాపం. "నువ్వు పరీక్ష చేసేది నేను మింగే బీపీ బిళ్ళేనా" అని కూడా రాశావు. దానికి జవాబు చివర్లో చెప్తాను.

కొండాపూర్‌లో ఆటోవాళ్ళందరికీ నేను సాఫ్ట్‌వేరే. నా పని మాత్రం బిళ్ళల్ని నెలల తరబడి వేడిలో, తేమలో ఉంచి ఎంత పాడయ్యాయో చూడటం. నువ్వు పొయ్యి పైన అలమారాలో మందులు పెడితే నేను అరిచేది అందుకే.

పోయిన నెల ఒక గుండె బిళ్ళకు ఆరో నెల పరీక్ష వచ్చింది. మొదటిసారి యంత్రంలో ఎక్కిస్తే మలినం హద్దు దాటింది. మళ్ళీ ఎక్కిస్తే హద్దులోనే వచ్చింది. రెండూ రాయాలి, మొదటిది ఎందుకలా వచ్చిందో తేల్చాలి. నేను మొదటిదానికి 'ట్రయల్' అని పేరు పెట్టి పక్కన పడేసి, రెండోది రాసి సంతకం చేశాను. మా ప్రేమ్ కుమార్ సార్ చూసి, "గిట్ల అప్పుడప్పుడు అయితది. ఇగ ఫికర్ చెయ్యకు" అన్నారు. ఆయన మీదికి నెట్టను. సంతకం నాది.

నాలుగు రోజులకు కింద పోర్షన్‌లో ఉండే రాజమ్మ, డాక్టరు తనకు కొత్తగా రాసిన మందు పట్టుకొచ్చింది. "జర చూడు బిడ్డా. నువ్వు మంచిదంటే కండ్లు మూసుకొని ఏస్కుంట" అంది. అదే మందు, వేరే కంపెనీది. మంచిదే అన్నాను. నా ఎదుటే మింగి, గ్లాసు నా చేతికిచ్చింది.

మర్నాడు క్వాలిటీ వాళ్ళ దగ్గరికెళ్ళి జరిగింది రాసిచ్చాను. ఆ బిళ్ళలింకా బజారుకు రాలేదు, ఫైలు ఆపేశారు. విచారణ అయ్యేదాకా నన్ను ల్యాబ్‌కు రావద్దన్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. భయంగా ఉందమ్మా. నాన్నకు సెలవు పెట్టానని చెప్పాను. అదింకో అబద్ధం, సాయంత్రం చెప్పేస్తాను.

కింద పడిన మాత్రను కూడా నువ్వు డ్యూటీ పుస్తకంలో రాస్తావని నవ్వేదాన్ని, గుర్తుందా? ఇప్పుడు అదే తలచుకుంటూ కూర్చున్నాను.

ఇక నీ ప్రశ్న. కాదమ్మా, అది నువ్వు మింగే బిళ్ళ కాదు. సంతకం పెట్టేముందు నేను చూసుకున్నది ఆ ఒక్కటే.

ఇట్లు,
నువ్వెన్ని తిట్టినా పడే
నీ కూతురు
లీదియా