పటంలో ఎండిన బావి

తమ్ముడూ,

రాజుగారి కొలువులో కూర్చుని నువ్వు గీసిన పటం చూశాను. నీళ్లబండివాడు అది నా మొహాన పడేసి, "ఇక్కడ మనుషుల్లేరని రాసుంది, ఇక బండి రాదు" అని వెళ్లిపోయాడు. ఆకాశంలో రెండో సూర్యుడు పుట్టి మన నేలను కాల్చి బూడిద చేసినా పదహారు కుటుంబాలం ఇళ్లు వదల్లేదే, మేం దయ్యాలమా?

"మర్చిపోయుంటాడులేవే" అని బాబాయి నిన్ను వెనకేసుకొస్తున్నాడు. మర్చిపోతే మన పెరట్లో ఎండిన బావిని ఉన్నచోటే ఎలా గీశావురా? బావి గుర్తుంది, అందులోంచి నీకు నీళ్లు తోడి పోసిన చెయ్యి గుర్తులేదా?

బావి చుట్టూ పదహారు ఇళ్లు బొగ్గుతో నేనే గీసి, పటం తిప్పి పంపుతున్నాను. చెరపాలంటే నీ చేత్తోనే చెరుపు.

ఇట్లు,
మనుషుల్లేని చోటి నుంచి,
నీ అక్క