గోడ వెనక వాచకం

ఆల్డొనా అత్తయ్యగారికి,

మీరు మమ్మల్ని వదిలి కన్నుమూసి ఎనిమిది నెలలయింది. మేమంతా బాగానే ఉన్నాం. విండ్సర్‌లో మీ ఇల్లు అమ్మకానికి పెట్టాం.

మీకు తెలుగు రాదని తెలుసు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. మీరు దాచుకున్నవన్నీ నాకు రాని భాషలో ఉన్నాయి కదా...

మొన్న జూన్‌లో బేస్‌మెంట్ ఖాళీ చేస్తున్నాం. సస్కటూన్ నుంచి సెలవులకు వచ్చిన మా అమ్మాయి రూతు నేరుగా జాడీల షెల్ఫు దగ్గరికి వెళ్లి, దాన్ని పక్కకు జరిపి, వెనకున్న చెక్కపలక ఊడదీసింది. లోపల రెండు సూట్‌కేసులు. మీ అబ్బాయి విటాస్ వాటిని బయటికి లాగాడు. అవి అక్కడున్నట్టు ఆయనకూ తెలియదు. నా కూతురికి మాత్రం పన్నెండో ఏటి నుంచీ తెలుసట.

శనివారాలు మీరిద్దరూ కింద దోసకాయ ఊరగాయ జాడీలకు లేబుళ్లు అంటిస్తున్నారనుకున్నాను. పైన మీకు టీ పెడుతూ, నానమ్మా మనవరాలూ ఎంత కలిసిపోయారో అని మురిసిపోయేదాన్ని. ఎంత పిచ్చిదాన్ని...

రూతు ఒక్కొక్కటీ తీసి చదివి చెప్పింది. లిథువేనియన్ చదవడం కూడా మీరు నేర్పిందేనట. రష్యా చక్రవర్తి మీ అక్షరాలను నిషేధించిన రోజుల్లో సరిహద్దు దాటించి తెచ్చిన వాచకం. దానితో మీ నానమ్మ పశువుల కొట్టంలో దొంగచాటుగా చదువు చెప్పిన పిల్లల పేర్లు. లిథువేనియా స్వతంత్ర దేశమయ్యాక మీ నాన్నగారు తెరిచిన బడి రిజిస్టరు. సోవియట్లు వచ్చినప్పుడు మీ అమ్మగారు వాటిని దుప్పట్ల మధ్య చుట్టుకుని బయటపడ్డారట.

కెనడా వచ్చాక కూడా ఎందుకు దాచారని అడిగితే రూతు మీ మాటే చెప్పింది. "కాగితం మీద పేర్లు దొరికితే, లిథువేనియాలో ఉన్న మనుషులు దొరుకుతారు."

అది అర్థమైంది. కానీ రూతుకే ఎందుకు చెప్పారు? నాలుగేళ్లు మీకు స్నానం చేయించింది నేను. హాస్పిటల్లో షిఫ్టు దిగి నేరుగా మీ దగ్గరికే వచ్చేదాన్ని. మీ వీపు మీద పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో కూడా నాకు తెలుసు. ఇది తెలియకూడదా?

ఇంకో కుళ్లు కూడా ఉంది. మా తాతయ్య నరసాపురం దగ్గర చర్చి బళ్లో పంతులు. ఆయన చేతిరాత ఒక్క ముక్క కూడా మాకు లేదు. మీకేమో ఆ సూట్‌కేసుల్లో తడిసిన పోస్టుకార్డులతో సహా అన్నీ మిగిలాయి.

ఒక పాడు పని చేశాను అత్తయ్యగారూ. ఆ వాచకం తీసి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. మూడు వారాలు. టొరంటోలో మీ వాళ్ల పాత కాగితాలు భద్రపరిచే ఆర్కైవ్‌కి ఇవ్వాలని రూతు జాబితా రాస్తూ, అది కనబడక బేస్‌మెంటంతా వెతికింది. నన్నడిగితే చూడలేదన్నాను. లంచ్ బ్రేక్‌లో కారులో కూర్చుని పేజీలు తిప్పేదాన్ని. ఒక్క మాటా అర్థమయ్యేది కాదు. అయినా తిప్పేదాన్ని...

తానే పోగొట్టానని పిల్ల ఏడ్చింది. అప్పుడిక ఉండబట్టలేక తెచ్చి చేతిలో పెట్టాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మీరు తనతో ఏమన్నారో చెప్పింది. "మీ అమ్మకు చెప్పకు. ఆమెకు అబద్ధం చేతకాదు. మీ నాన్న అడిగితే చెప్పేస్తుంది. వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

అది మెచ్చుకోలా, నమ్మకం లేకపోవడమా? ఎవరిని అడగను?

క్షమించమని అడగను. ఇది రాస్తుంటే కూడా కుళ్లుగానే ఉంది. కానీ వచ్చే వారం ఆ సూట్‌కేసులు టొరంటో తీసుకెళ్లేది నేనే. రూతు డ్రైవ్ చేస్తానంటే వద్దన్నాను. పక్క సీట్లో కూర్చుని ఆ వాచకంలో మొదటి పాఠం నాకు చదివి చెప్పమన్నాను. సరేనంది.

దారిలో తొందరపడను.

మీ కోడలు,
సుగుణ