రెండో పొయ్యి

2019 జూన్ 11, రాయపూర్
ధర్సీవా రోడ్డు వెడల్పు చేస్తే ఇళ్లు పోయేవాళ్ల లిస్టు ఇవాళ బస్తీలో అంటించాం. సర్వే చేసింది నేనే. నూట పన్నెండు కుటుంబాలు, కుటుంబానికో ప్లాటు. రైస్ మిల్లులో ఊడ్చే అప్పలనరసమ్మ నా దగ్గరికి వచ్చి తన పేరేదని అడిగింది. ఉంది. తోడికోడలి కుటుంబం కింద.

జూన్ 12
ఆఫీసుకు పోకుండా నేరుగా బస్తీకి వెళ్లాను. రేకుల ఇల్లు, మధ్యలో మట్టిగోడ. అటు తోడికోడలు వాళ్లు. ఇటు ఈవిడ ఒక్కతే. తలుపు వేరు, పొయ్యి వేరు. పొయ్యి వేరైతే కుటుంబం వేరని మా రూలు. సర్వే రోజు నేను లోపలికే వెళ్లలేదు. గుమ్మంలో నిలబడి టిక్కులు పెట్టేశాను.
అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.
"మన సిక్కోలు మాటే మాటాడతన్నావు గదమ్మా. నువ్వే సూసుకుంతావనుకున్నాను."
నాన్న రైల్వే ఉద్యోగం వల్ల ఇక్కడే పుట్టాను. ఇంట్లో మాత్రం ఆ శ్రీకాకుళం మాటే.

జూన్ 14
టీమ్ లీడర్ ఉమేష్ సార్‌కి చెప్పాను. లిస్టు ఫ్రీజ్ అయింది, ఒకరిని చేరిస్తే రేపు యాభై మంది వస్తారన్నారు. తోడికోడలి ప్లాటులోనే ఉంటుందిలే అన్నారు. కొత్త ఇంట్లో చోటు లేదని ఆ తోడికోడలు చెప్పేసిందట. అదీ చెప్పాను. "యే హమారా మేటర్ నహీ హై," అది మన విషయం కాదని, తన ఫోన్ చేతిలోకి తీసుకున్నారు.

జూన్ 15
రాశాను. చించేశాను.

జూన్ 17
కలెక్టర్‌కు అర్జీ మళ్లీ రాశాను. ఇంటి లోపల చూడకుండా ఫారం నింపాను, తప్పు నాది, మళ్లీ విచారణ చేయించండి. కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాను. బయటికి రాగానే వెనక్కి తెచ్చుకుందామా అనిపించింది. స్కూటీ స్టార్ట్ చేశాను, ఆపాను, మళ్లీ స్టార్ట్ చేశాను.

జూన్ 24
విచారణకు రెవెన్యూ పట్వారీ వచ్చి గోడ, తలుపు, పొయ్యి ఫోటోలు తీశాడు. తన ప్లాటు ఎక్కడ ఆగిపోతుందోనని తోడికోడలు భయపడింది. అందరం ఒక కుండలోనే తింటాం అని అరిచింది. ఎనిమిదేళ్లుగా వేరేనని పక్కింటి శివాజీ ముందుకొచ్చి సంతకం చేశాడు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు.
తోడికోడలి మీద కోపం రాలేదు. భయం పెట్టింది నా ఫారమే.

జూలై 3
నూట పదమూడో పేరు చేరింది. నెలాఖరుతో నా కాంట్రాక్ట్ సరి, పొడిగించరు. రెండు మెయిల్సూ ఇవాళే.

జూలై 5
అప్పలనరసమ్మకు ప్లాటు కాగితం ఇచ్చాను. ఇక రాను, పని పోయిందన్నాను. కాగితం మడిచి కొంగున ముడేసుకుంది.
"మరి నీకెక్కడ జాగా ఇత్తన్నారమ్మా?"