ఒకే డాక్టరు, ఒకే ఆపరేషన్

16 మార్చి 2009, సోమవారం
ప్లేనో

నా భార్య సుగుణకి గుండెకి బైపాస్ ఆపరేషన్ చేసి రెండు నెలలు దాటినా నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. ఎందుకో ఈరోజు తెలిసింది. కొత్తగా కుట్టిన రక్తనాళాల్లో ఒకటి మూసుకుపోయిందని డాక్టరు చెప్పాడు. ఆడవాళ్ల రక్తనాళాలు సన్నగా ఉంటాయట, వాళ్లలో ఇలా కావడం ఎక్కువేనట. మళ్లీ ఆపరేషన్ చేయాలా, మందులతో నెట్టుకురావాలా అన్నది ఇంకా తేల్చలేదు.

కార్‌లో కూర్చున్నాక సుగుణ అడిగింది. "మన చర్చి జాన్‌బాబు అన్నయ్యగారికి చేసింది కూడా ఈ డాక్టరే కదండీ?"

"అవును. అదే వారం."

"ఆయన నిన్న చర్చిలో కుర్చీలు మోస్తున్నారు."

కారు స్టార్ట్ చేసి రోడ్డెక్కించాను.

సంగతి తెలిసి సాయంత్రం జాన్‌బాబుగారు ఇంటికి వచ్చారు. ప్రార్థన మొదలుపెట్టి, రెండు మాటలకే ఆగిపోయారు. "నాకు తగ్గింది. నీకెందుకు తగ్గలేదమ్మా?" అని పెద్దగా ఏడ్చేశారు.

సుగుణే ఆయన చేయి పట్టుకుంది. "మీరు బాగున్నారుగా అన్నయ్యగారూ, నాకు సంతోషమే" అంది. ఇద్దరిలో ఎవరిని ఓదార్చాలో తెలియక నేను నిలబడిపోయాను.

ఆయన బయల్దేరుతుంటే, "ఉండండి, టీ పెడతాను" అని లేచింది. వంటింటి దాకా వెళ్లలేక మధ్యలోనే గోడ పట్టుకుని ఆగింది. మెల్లగా తీసుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టాను. ఊపిరి కూడదీసుకుని నా ముఖంలోకి చూసింది కానీ, తనకెందుకు తగ్గలేదని అడగలేదు.

అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏముంది...